పామాయిల్ మానేస్తే అడవి మిగులుతుందా?

2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనెకు కొరత, దానికి తోడు ఇది. మే 23న మళ్ళీ ఓడలు కదిలేదాకా మన నూనె వ్యాపారుల టెన్షన్ అంతా ఇంతా కాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మనమే, ఏడాదికి 80, 90 లక్షల టన్నులు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరున్న రిఫైనరీలకు ఓడల్లో వచ్చే ముడి నూనే ఆధారం. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చిన అమ్మహస్తం సంచిలో కూడా ఒక లీటరు పామాయిలే. మేం ఇంట్లో వేరుశనగ నూనే వాడతాం అంటారా, మంచిదే, కానీ బిస్కెట్లు, నూడుల్స్, చవక ఐస్‌క్రీమ్, సబ్బు, షాంపూ, బయట తినే పూరీ బజ్జీ... వీటిలో చాలావాటిలో అదే ఉంటుంది.

ఇంకోపక్క మన ఫోన్లలో తిరిగే వీడియో ఒకటి ఉంది. ఎక్స్‌కవేటర్‌కి ఎదురు వెళ్ళే ఒరంగుటాన్ (ఆ అడవుల్లో ఉండే తోకలేని పెద్ద కోతి), కింద 'పామాయిల్ మానేయండి' అని. చూస్తే కడుపు తరుక్కుపోతుంది, నిజమే. కానీ ఆ వీడియో చెప్పే కథ సగమే. నూనె కోసం అడవి కొట్టేశారు, మనం నూనె మానేస్తే కొట్టడం ఆపేస్తారు, ఇంత సూటిగా ఉంటే ఈ సమస్య ఎప్పుడో తీరిపోయేది. సుమత్రాలోనూ, బోర్నియో దీవిలోని ఇండోనేసియా భాగం కాలిమంతన్‌లోనూ అడవి ఒక్క దెబ్బకు పోలేదు, విడతల వారీగా పోయింది. కలప కొట్టేవాడు వేరు, రోడ్డేసేవాడు వేరు, కాలువ తవ్వించినవాడు వేరు, నిప్పు పెట్టినవాడు వేరు, చివర్లో మొక్క నాటినవాడు వేరు. అడిగితే ఎవరికి వారు పక్కవాణ్ని చూపిస్తారు. చిత్రమేమిటంటే అందులో ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పరు.

ముందు ఆ అడవి ఎలా బతుకుతుందో కొంచెం చూడాలి, లేకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. వర్షారణ్యం పచ్చగా ఉంది కాబట్టి కింద నేల కూడా సారవంతమైనదే అనుకుంటాం. చాలాచోట్ల అది తప్పు. వేల ఏళ్ళ వానలకు ఆ నేలలోని పోషకాలు ఏనాడో కొట్టుకుపోయాయి, సారమంతా చెట్లలోనే ఉంటుంది. ఆకు రాలుతుంది, ఆ వేడికీ తేమకూ నెలల్లో కుళ్ళుతుంది, వేళ్ళు దాన్ని వెంటనే పీల్చేసుకుంటాయి. చెట్టు కొట్టి బయటికి పంపితే నేల సారాన్ని కూడా లారీ ఎక్కించినట్టే. అక్కడే కాల్చేస్తే బూడిద రెండు మూడు పంటలకు ఎరువవుతుంది, ఆ తర్వాత నేల చేతులెత్తేస్తుంది. అక్కడి దయాక్ తెగలవాళ్ళు తరతరాలుగా చేసిన పోడు ఈ లెక్క తెలిసి చేసిందే. అడవిలో చిన్న ముక్క కొట్టుకుని, కాల్చి, వరి వేసుకుని, ఏళ్ళ తరబడి దాన్ని బీడుగా వదిలేసి మళ్ళీ అడవి కానిచ్చేవాళ్ళు. మన ఏజెన్సీలో పోడు గురించి ఫారెస్టువాళ్ళు చెప్పే మాటలే అక్కడి అధికారులూ దశాబ్దాలపాటు చెప్పారు, అడవిని వీళ్ళే పాడుచేస్తున్నారని. ఆ మాట చెబుతూనే అదే అడవిని లక్షల హెక్టార్ల లెక్కన కంపెనీలకు రాసిచ్చారు.

ఆ రాసివ్వడం 1967లో మొదలైంది. ఇండోనేసియాలో జనరల్ సుహార్తో అధికారంలోకి వచ్చాక అడవుల చట్టం తెచ్చి, జావా బయటి దీవుల్లో కలప కొట్టుకునే హక్కుల్ని సైన్యానికీ, దగ్గరి వ్యాపారులకూ, విదేశీ కంపెనీలకూ పంచాడు. ఊళ్ళవాళ్ళు తాతముత్తాతల నుంచి వాడుకుంటున్న అడవి కాగితం మీద ప్రభుత్వ భూమి అయిపోయింది. 1985లో దుంగల ఎగుమతిని నిషేధించారు, అడవిని కాపాడటానికి కాదు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలు దేశంలోనే పెట్టించడానికి. ఫ్యాక్టరీలు వచ్చాక వాటి ఆకలి తీర్చాలి కదా, అందుకని నరుకుడు ఇంకా పెరిగింది. ఈ దశలో అడవి మొత్తం పోదు. మంచి ధర పలికే పెద్ద చెట్లు పోతాయి, వాటిని లాగేటప్పుడు పక్కవి విరుగుతాయి, పైకప్పుకు చిల్లులు పడి ఎండ కింద దాకా దిగుతుంది, ఎప్పుడూ తడిగా ఉండే నేల ఆరడం మొదలవుతుంది. దుంగల లారీల కోసం వేసిన మట్టిరోడ్డు మాత్రం అలాగే ఉండిపోతుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు మలుపు అదే. రోడ్డు పడ్డాక అడవికి ధర వస్తుంది. వేటగాడు వస్తాడు, భూమి లేని రైతు వస్తాడు, ఆ రైతు వెనకాలే భూమి కొనేవాడు వస్తాడు. ప్రభుత్వమే జావా, బాలి దీవుల నుంచి లక్షల మందిని తెచ్చి ఈ దీవుల్లో ఇళ్ళూ భూమీ ఇచ్చి కూర్చోబెట్టింది, ట్రాన్స్‌మైగ్రేషన్ అని దానికి పేరు, ప్రపంచ బ్యాంకు కూడా అప్పులిచ్చింది.

పెద్ద చెట్లు అయిపోయిన అడవిని 'పాడైన అడవి' అని రాసుకుని తోటలకు అనుమతి ఇవ్వడం ఆ తర్వాతి మెట్టు. పామాయిల్ తోట వేస్తే మూడు నాలుగేళ్ళ దాకా రాబడి ఉండదు, పెట్టుబడి బాగా పెట్టాలి. మరి అప్పటిదాకా ఎలా? నేల చదును చేసేటప్పుడు మిగిలిన చెట్లన్నీ కొట్టి అమ్ముకోవచ్చు. ఆ కలప డబ్బే చాలామందికి మొదటి పెట్టుబడి. తోట వేస్తామని అనుమతి తీసుకుని, కలప అమ్ముకుని, ఒక్క మొక్క కూడా నాటకుండా వెళ్ళిపోయినవాళ్ళు కాలిమంతన్‌లో తక్కువేం కాదు. ఆ నరికివేతను పామాయిల్ ఖాతాలో వేయాలా, కలప ఖాతాలో వేయాలా, అనుమతి మీద సంతకం పెట్టిన జిల్లా అధికారి ఖాతాలోనా? 1998లో సుహార్తో దిగిపోయాక అధికారాలు జిల్లాలకు వచ్చాయి, ఎన్నికల ఖర్చులూ జిల్లాలకే వచ్చాయి, ఆ రెండూ కలిస్తే ఏం జరుగుతుందో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఆ మొక్క సంగతి. ఆయిల్‌పామ్ ఆసియా చెట్టు కాదు, పశ్చిమ ఆఫ్రికాది. 1848లో జావాలోని బోగోర్ వృక్షోద్యానంలో నాలుగు మొక్కలు నాటారు, ఆగ్నేయాసియా తోటల కథ అక్కడ మొదలు. చాలాకాలం అందం కోసమే పెంచారు. సుమత్రాలో 1911లో, మలేసియాలో 1917లో వ్యాపారానికి తోటలు వేశారు. అప్పట్లో మలేసియాలో రబ్బరుదే రాజ్యం. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతో వైపు ఇప్పటికీ ఉన్న తెలుగు కుటుంబాల పెద్దలు మన కోస్తా జిల్లాల నుంచి అలాంటి రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లలో కూలికి వెళ్ళినవాళ్ళే. తర్వాత రబ్బరు ధర పడిపోయి ఆ ఎస్టేట్లు చాలావరకు పామాయిల్‌కి మారాయి. అంటే ఆ తోటల కింద అడవి పోయింది బ్రిటిష్‌వాళ్ళ కాలంలో, రబ్బరు కోసం. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పామాయిల్ తోట కనిపించిన ప్రతిచోటా పామాయిలే అడవిని మింగిందని లెక్కేస్తే లెక్క తప్పుతుంది.

1981లో ఒక పురుగు వచ్చింది. అప్పటిదాకా మలేసియాలో కూలీలు పుప్పొడి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి చేత్తో పరాగ సంపర్కం చేసేవాళ్ళు, గాలి ఒక్కటే చేస్తుందనుకున్న పని నిజానికి ఆఫ్రికాలో ఒక చిన్న ముక్కు పురుగు చేస్తోందని తేలింది, దాన్ని కామెరూన్ నుంచి తెచ్చి వదిలారు, దిగుబడి లేచింది, కూలి ఖర్చు పడిపోయింది. దానితో ఈ పంట లాభసాటి అయ్యింది. ఇంకో సంగతి మన ఏలూరు, అశ్వారావుపేట రైతులకు బాగా తెలుసు. గెల కోశాక ఇరవై నాలుగు గంటల్లో, మహా అయితే రెండు రోజుల్లో మిల్లుకు చేరాలి, లేదంటే నూనె నాణ్యత పడిపోతుంది. కాబట్టి మిల్లు తోటల మధ్యలోనే ఉండాలి, మిల్లుకు గిట్టుబాటు కావాలంటే చుట్టూ వేల హెక్టార్ల తోట ఉండాలి, ఆ తోటంతటికీ రోడ్లు ఉండాలి. ఒక్క మిల్లు అడవి అంచున పడితే చుట్టుపక్కల చిన్న రైతులకు కూడా ఇక వేరే పంట గుర్తురాదు, ఎందుకంటే కొనేవాడు పక్కనే ఉన్నాడు. ఇండోనేసియాలో పామాయిల్ విస్తీర్ణంలో దాదాపు నలభై శాతం చిన్న రైతులదే. వాళ్ళ పిల్లల చదువులూ, మోటారు సైకిళ్ళూ, సిమెంటు ఇళ్ళూ ఆ గెలల మీద వచ్చినవే. పర్యావరణం గురించి రాసేవాళ్ళు దీన్ని చప్పున దాటేస్తారు.

ఇంతవరకు చెప్పింది మామూలు నేల మీది అడవి గురించి. అసలు ఘోరం జరిగింది పీట్ నేలల్లో. మనకు అలాంటి నేలలు పెద్దగా లేవు కాబట్టి వివరంగా చెప్పాలి. సుమత్రా తూర్పు తీరం, కాలిమంతన్ దక్షిణ ప్రాంతం పల్లపు నేలలు, ఏడాదంతా నీళ్ళు నిలిచి ఉంటాయి. నీళ్ళలో గాలి ఉండదు కాబట్టి రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్ళు పూర్తిగా కుళ్ళవు, పొర మీద పొర పేరుకుంటాయి. వేల ఏళ్ళు అలా పేరుకుని కొన్నిచోట్ల పది మీటర్ల మందం దాటింది. అది మట్టి కాదు, సగం కుళ్ళిన చెత్త, బరువులో తొంభై శాతం దాకా నీళ్ళే. దాని మీద అడవి నిలబడి ఉంటుంది. చెట్లలో ఉన్న కార్బన్ కంటే ఆ కింద ఉన్న కార్బన్ ఎన్నో రెట్లు ఎక్కువ. నీళ్ళు ఉన్నంతకాలం ఏం కాదు. ఒక కాలువ తవ్వితే మాత్రం నీరు దిగుతుంది, గాలి తగిలి పొర కుళ్ళడం మొదలవుతుంది, నేల కుంగుతుంది. మొదటి ఐదేళ్ళలోనే మీటరుకు పైగా, ఆ తర్వాత ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున కుంగినట్టు సుమత్రాలో కొలిచారు. ఈ నేల మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా గుమ్మటంలా ఉంటుంది, అందుకని ఒక అంచున తవ్విన కాలువ ఎంతో దూరంలో ఉన్న ముట్టుకోని అడవి కింద నీటిని కూడా లాగేస్తుంది. కంపెనీ తన హద్దు దాటలేదు అన్నది కాగితం మీద నిజమే, నీళ్ళకు హద్దురాళ్ళు తెలియవు కదా.

ఇది తెలిసీ ఒక ప్రభుత్వం పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చాలని బయల్దేరింది. తెలిసే అన్నాను, ఎందుకంటే వద్దని చెప్పిన శాస్త్రవేత్తలు అప్పుడూ ఉన్నారు. 1984లో బియ్యంలో స్వయం సమృద్ధి సాధించామని సుహార్తో గొప్పగా చెప్పుకున్నాడు, పదేళ్ళు తిరక్కుండా మళ్ళీ దిగుమతులు. జావాలో పొలాలు ఇళ్ళస్థలాలు అవుతున్నాయి, కాలిమంతన్ ఖాళీగా ఉంది కదా అనుకున్నారు. 1995లో మెగా రైస్ ప్రాజెక్టు ప్రకటించారు, ఆ వెంటనే పనులు మొదలయ్యాయి. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. జావాలో వరి పండేది అగ్నిపర్వతాల బూడిద పడిన సారవంతమైన నేలలో, ఇక్కడ ఉన్నది ఆమ్లపు చెత్త పొర, దాని అడుగున గాలి తగిలితే యాసిడ్ పుట్టించే బంకమట్టి. జావా నుంచి తెచ్చిన వేల కుటుంబాలు నాట్లు వేశాయి, చెప్పుకోదగ్గ పంట రాలేదు. 1998లో సుహార్తో పదవి పోయింది, ప్రాజెక్టూ పోయింది. కాలువలు మిగిలాయి, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు లాగుతూ.

ఈలోపు 1997లో ఎల్‌నినో వచ్చింది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి అక్కడ వానలు ఎగ్గొట్టే ఏడాది. ఎండిన పీట్‌కి నిప్పంటుకుంటే మంట పెద్దగా కనపడదు. రైస్‌మిల్లు పక్కన ఊకకుప్ప రాజుకున్నప్పుడు చూసే ఉంటారు, పైన బూడిద, లోపల ఎర్రగా, రోజుల తరబడి, నీళ్ళు పోస్తే ఆరినట్టే ఆరి ఇంకోచోట పొగ లేస్తుంది. అదే కుప్ప కొన్ని లక్షల హెక్టార్లు, మీటర్ల లోతు ఉంటే ఎలా ఉంటుందో 1997లో తెలిసింది. ఆ ఏడాది ఇండోనేసియా పీట్ నుంచి, అడవుల నుంచి గాల్లోకి పోయిన కార్బన్ 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య అని 2002లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు, అంటే అప్పట్లో ప్రపంచమంతా బొగ్గూ పెట్రోలూ గ్యాసూ కాల్చి ఏడాదికి వదిలేదాంట్లో 13 నుంచి 40 శాతం. ఒక్క దేశంలో, కొన్ని నెలల్లో. ఆ అంచనాలో అట్టడుగు అంకె తీసుకున్నా మతిపోతుంది.

మళ్ళీ 2015. ఆ ఏడాది 26 లక్షల హెక్టార్లు కాలింది. గాలి సూచీ 300 దాటితే ప్రమాదకరం అంటారు, సెంట్రల్ కాలిమంతన్ రాజధాని పలంకరాయలో అది 1,800 దాటింది. పగలు దీపాలు వేసుకోవాల్సి వచ్చింది, స్కూళ్ళు మూతపడ్డాయి, సింగపూర్, మలేసియా పొగలో మునిగాయి. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కకట్టింది. ప్రభుత్వ లెక్కలో మృతులు రెండు డజన్ల లోపే. 2016లో హార్వర్డ్, కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు మూడు దేశాల్లో కలిపి లక్ష మంది దాకా ఆయుష్షు తీరకుండానే పోయి ఉంటారని అంచనా వేశారు. రెండూ ఒకే పొగ గురించి చెప్పిన అంకెలే. మంటల్లో కాలినవాళ్ళనూ, ఆసుపత్రిలో ఊపిరాడక పోయినవాళ్ళనూ లెక్కపెడితే మొదటిది వస్తుంది. ఆ ఏడాది మామూలుగా కంటే ఎన్ని గుండెపోట్లు, ఎన్ని శ్వాసకోశ మరణాలు ఎక్కువ ఉంటాయి అని నమూనా కడితే రెండోది వస్తుంది.

నిప్పు ఎవరు పెట్టారు? దీనికి ఒక్క జవాబు లేదు. ఎక్స్‌కవేటర్లతో నేల చదును చేయడం కంటే అగ్గిపెట్టె ఎన్నో రెట్లు చవక, కాబట్టి కంపెనీల చేయి ఉంది, కోర్టుల్లో జరిమానాలూ పడ్డాయి, అందులో చాలా సొమ్ము వసూలు కాలేదు. చిన్న రైతులూ పెడతారు, ఒక కుటుంబం రెండు హెక్టార్ల దాకా కాల్చుకోవచ్చని 2009 చట్టంలోనే మినహాయింపు ఉంది. మూడో రకం కూడా ఉంది, అందరూ మరిచిపోయేది. పట్టా ఎవరిదో తేలని భూమిని కాల్చి మొక్క నాటితే 'ఇది నాది' అని చెప్పుకోవచ్చు, తగాదా ఉన్న భూమిలో అవతలివాడి తోట కాల్చేస్తే వాడి హక్కు చెరిపేయవచ్చు. పట్నంలో ఉండే చిన్నా పెద్దా పెట్టుబడిదారులు ఇలా కాల్చిన భూమిని కొంటారు, పచ్చి అడవి కంటే కాలిన భూమికి రేటెక్కువ. పట్టాలు సరిగ్గా లేనిచోట నిప్పే దస్తావేజు.

అడవి పోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు అందరూ ముందుగా చెప్పేది వాతావరణ మార్పు, ఒరంగుటాన్. రెండూ నిజమే. బోర్నియోలో 1999 నుంచి 2015 మధ్య లక్షకు పైగా ఒరంగుటాన్లు తగ్గిపోయాయని అంచనా, అందులో సగం పైగా నేరుగా తోటలైపోయిన చోట కాదు, ఇంకా అడవి ఉన్నచోటే, అంటే రోడ్డు వెంట లోపలికొచ్చిన మనిషి చేతిలో. కానీ అక్కడి ఊళ్ళలో మనుషులు ముందు చెప్పేది ఎండ గురించి, బావుల గురించి. సుమత్రాలోని జాంబిలో ఉపగ్రహంతో కొలిస్తే, కొత్తగా నరికిన నేల ఉపరితలం పక్కనున్న అడవి కంటే పది డిగ్రీల దాకా వేడిగా ఉంది. తోట పెద్దదయ్యాక ఆ తేడా బాగా తగ్గుతుంది, అయితే తోట అడవిలా నీటిని పట్టి ఉంచదు. యంత్రాలు తిరిగి గట్టిపడిన నేల మీద వాన జర్రున జారిపోతుంది, ఎండాకాలంలో బావులు ఎండుతున్నాయని జాంబి ఊళ్ళవాళ్ళు పరిశోధకులకు చెప్పారు. వానాకాలంలో వరద, ఎండాకాలంలో కరువు, రెండూ ఒకే కారణంతో.

వరద మాట వచ్చింది కాబట్టి, 2025 నవంబరు చివర్లో సెన్యార్ తుపాను సుమత్రా ఉత్తర భాగాన్ని ముంచింది, వెయ్యి మందికి పైగా చనిపోయారు. నీళ్ళతో పాటు గుట్టలు గుట్టలుగా దుంగలు కొట్టుకొచ్చి ఇళ్ళ మీద పడ్డాయి. అంత వాన అడవి ఉన్నా వరద తెచ్చేదే, భూమధ్యరేఖకు అంత దగ్గరగా తుపాను పుట్టడమే అరుదు, అదంతా ఒప్పుకోవాలి. కానీ కొండవాలు మీద వేళ్ళు లేకపోతే అదే వాన బురదగా మారి కిందికి దిగుతుంది, ఈ రెండో భాగం ప్రకృతి ఖాతాలోకి రాదు.

పైకి కనిపించని నష్టం ఇంకోటుంది. బోర్నియో అడవిలో డిప్టెరోకార్ప్ అనే పెద్ద చెట్ల జాతులు ఏటా కాయవు. కొన్నేళ్ళకోసారి, తరచుగా ఎల్‌నినో ఏడాదిలో, వందల కిలోమీటర్ల మేర అన్నీ ఒకేసారి కాస్తాయి. అడవిపందులు, చిలుకలు, ఉడతలు ఎంత తిన్నా మిగిలేంత కాయ రాలుతుంది, అలా కొన్ని గింజలు బతికి మొలుస్తాయి. అడవి ముక్కలైపోతే మిగిలిన ముక్కలోని కాయ మొత్తం చుట్టుపక్కల జంతువులన్నీ వచ్చి తినేస్తాయి, పైగా అదే ఎల్‌నినో ఏడాది పొగా నిప్పూ. అందుకే పటంలో పచ్చగా కనబడే చిన్న చిన్న ముక్కలు నిజానికి ముసలి చెట్లే తప్ప మొక్కలు లేని అడవులు.

అమెజాన్ సంగతి వేరే. అక్కడ నరికిన భూమిలో ఎక్కువ భాగం పశువుల మేతబీడు, దాని వెనక గొడ్డుమాంసం, దాని వెనక భూమి ఆక్రమణ. అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమను ఆ అడవి వానగా దించి, ఆకుల నుంచి మళ్ళీ ఆవిరిగా వదిలి, పడమటికి అందిస్తూ పోతుంది, అందుకే తూర్పున నరికితే పడమటా దక్షిణానా వాన తగ్గుతుంది. బోర్నియో చుట్టూ సముద్రమే కాబట్టి అంత గొలుసు లేదు, దాని ప్రమాదం పైన చెప్పిన నేల అడుగున ఉంది. కాంగోలో కథ ఇంకోలా ఉంటుంది, అక్కడ ప్రధానంగా చిన్న రైతుల పోడు, కట్టెబొగ్గు కోసం కలప. ఉష్ణమండల అడవులన్నిటికీ ఒకే కారణం, ఒకే మందు అని చెప్పేవాళ్ళను అందుకే నమ్మబుద్ధి కాదు. 2024లో ప్రపంచంలో 67 లక్షల హెక్టార్ల ఉష్ణమండల ప్రాథమిక అడవి, అంటే మనిషి పెద్దగా చేయి పెట్టని పాత అడవి, పోయింది, లెక్కలు మొదలైనప్పటి నుంచి అదే రికార్డు, ఆ ఏడాది వ్యవసాయం కంటే నిప్పు పెద్ద కారణమైంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం, పామాయిల్ మానేస్తే? హెక్టారు పామాయిల్ తోట సగటున ఏడాదికి మూడు నుంచి నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా అర టన్ను ఇస్తే గొప్ప, సన్‌ఫ్లవర్, ఆవ ముప్పావు టన్ను. నూనె పంటల భూమిలో పది శాతం కూడా లేని పామాయిల్ ప్రపంచ వంటనూనెలో మూడో వంతుకు పైగా ఇస్తోంది. మనం అందరం ఒట్టు పెట్టుకుని సోయాకి మారితే ఆరు నుంచి ఎనిమిది రెట్లు భూమి కావాలి, ఆ భూమి ఎక్కడ దొరుకుతుందో బ్రెజిల్ పటం చూస్తే తెలుస్తుంది. పైగా ఇండోనేసియా తన నూనెను తనే డీజిల్‌లో కలిపి తాగేస్తోంది, 2023లో 35 శాతం కలిపేవాళ్ళు, 2025లో 40 శాతం చేశారు. మనం వదిలేసిన టన్ను వాళ్ళ లారీ ట్యాంకులోకి పోతుంది. ధనిక దేశాల సూపర్‌మార్కెట్లో 'పామాయిల్ లేదు' అన్న స్టిక్కర్ కొనేవాడికి తృప్తినిస్తుంది, అంతకు మించి దానికి నేను పెద్ద విలువ ఇవ్వను.

మన దగ్గరే పండిద్దాం అన్నది ఇంకో వాదన. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది, 2025-26 నాటికి విస్తీర్ణాన్ని పది లక్షల హెక్టార్లకు తేవాలని. ఆ లక్ష్యానికి చాలా వెనకే ఉన్నాం. దేశంలో పండే పామాయిల్‌లో చాలా మటుకు ఆంధ్ర, తెలంగాణలదే, ఇక్కడ తోటలు వచ్చింది అడవి కొట్టి కాదు, వరి, చెరకు, పొగాకు వేసిన భూముల్లో. ఆ మేరకు మన రైతు చేతికి బోర్నియో బూడిద అంటలేదు. కానీ అక్కడ వానతో బతికే చెట్టు ఇక్కడ బోరుతో బతుకుతుంది, వేసవిలో చెట్టుకు రోజూ వందల లీటర్లు పెట్టాలి, పెదవేగి పరిశోధన సంస్థ చుట్టుపక్కల ఊళ్ళలో అడిగినా అదే చెబుతారు. పంటమార్పిడి చేసే మెట్టలో ఇది ఒక బేరం, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో ఇదే మిషన్ కింద వేయడం పూర్తిగా వేరే బేరం, అక్కడ కింద ఉన్నది నిజంగా అడవే.

మరి ఏదీ పనిచేయదా అంటే, పనిచేసింది ఉంది. ఇండోనేసియాలో ప్రాథమిక అడవి నష్టం 2016లో తొమ్మిది లక్షల హెక్టార్లకు పైన ఉంటే 2021కి రెండు లక్షలకు దిగింది. ఒక్క కారణం కాదు. 2011లో ప్రాథమిక అడవుల్లో, పీట్‌లో కొత్త అనుమతులు ఆపారు, 2019లో ఆ నిలుపుదలను శాశ్వతం చేశారు. 2015 పొగ తర్వాత పీట్ పునరుద్ధరణ సంస్థ పెట్టి, తోటల్లో నీటిమట్టం నేలకు 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదని నియమం తెచ్చి, కాలువలకు అడ్డుకట్టలు వేయించారు. 2013 డిసెంబరులో విల్మర్, అంటే మన దగ్గర ఫార్చ్యూన్ నూనె అమ్మిన అదానీ విల్మర్‌లో అప్పటి భాగస్వామి, అడవి కొట్టినవాళ్ళ దగ్గర కొనమని ప్రకటించింది, ఇతర పెద్ద వ్యాపారులూ అదే దారి పట్టారు. అలా నాలుగైదు కంపెనీల చేతిలోంచే ఎక్కువ నూనె కదులుతుంది కాబట్టి అక్కడ బిగిస్తే పని జరిగింది, కోటిమంది కొనుగోలుదారుల మనస్సాక్షిని కదిలించడం కంటే అది సులువు. ధరలు తక్కువగా ఉండటం, వానలు బాగా పడటం కూడా కలిసొచ్చాయి, అది కూడా చెప్పకపోతే మోసం. బ్రెజిల్ అయితే ఇంకా గట్టిగా చూపించింది, 2004లో అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్లు నరికితే 2012లో 4,571. ఉపగ్రహంతో వెంటనే పట్టుకోవడం, నరికినవాడికి బ్యాంకు అప్పు ఆపడం, నరికిన భూమి సోయాను కొనకూడదని 2006లో వ్యాపారులు ఒప్పుకోవడం, ఇవే ముఖ్యమైన కారణాలు. ప్రభుత్వం మారి పట్టు వదిలేశాక 2021కి మళ్ళీ 13,000 దాటింది.

మన దేశం చేతిలో కూడా ఒక తాళం ఉంది, దాన్ని మనం వాడుకోవట్లేదు. యూరప్ 2023లో చట్టం చేసింది, 2020 తర్వాత అడవి కొట్టిన భూమి నుంచి వచ్చిన సరుకు రానివ్వమని, దాని అమలు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. మనం అందరికంటే పెద్ద కొనుగోలుదారులమై ఉండి, ఏ తోటది, పీట్ మీదిదా కాదా అని అడగం. ధర ఎంత, సుంకం ఎంత, ఇంతే. 2025 మే నెలలో ముడి నూనె మీద మౌలిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు, పండగలకు నూనె ధర పెరగకూడదు కాబట్టి అది అర్థమయ్యేదే. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించిన నూనెకు ఒక రేటు, చూపించని నూనెకు ఇంకో రేటు అని సుంకంలో రెండు మూడు శాతం తేడా పెట్టినా జకార్తాలో ఆ మాట వినపడుతుంది. చవక నూనె మీద బతికే మన పేద కుటుంబం మీద ఆ భారం పడకుండా రేషన్ ద్వారా సర్దడం మనకు చేతకాని పనేం కాదు.

ఇదంతా రాస్తుంటే ఇండోనేసియా కొత్త పని మొదలుపెట్టింది. దేశం తూర్పు కొసన ఉన్న దక్షిణ పాపువాలోని మెరాకేలో ఇరవై లక్షల హెక్టార్లకు పైగా భూమిలో వరి, చెరకు పండించే పథకం, బియ్యంలో స్వయం సమృద్ధి అన్న అదే మాటతో, చెరకు నుంచి ఇథనాల్ అన్న కొత్త మాటతో. 2024లో ఎక్స్‌కవేటర్లు వందల్లో దిగాయి. అక్కడి మరింద్ ప్రజలు తమ అడవి సరిహద్దుల్లో ఎర్ర శిలువలు పాతి అడ్డం నిలబడుతున్నారు. పాపువా ఆ దేశంలో మిగిలిన పెద్ద అడవి, ఈసారి అందులో పామాయిల్ ప్రధాన పంట కూడా కాదు.